ఫాలోవర్లు 3,200, ఆర్డర్లు 11

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి. మా మామగారు, మా ఆయన నర్ది, బిక్కి చెక్కలతో గరిటెలు, చెంచాలు, పప్పుగుత్తులు చేస్తారు. నేను ఉప్పుకాగితంతో నున్నగా రుద్ది, వేరుశనగ నూనె పట్టించి, ఫొటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతా ఉంటాను. నాలుగు నెలలైంది, 3,200 మంది ఫాలో అవుతున్నారు. ఆర్డర్లు మాత్రం 11. అందులో నాలుగు మా చుట్టాలవే. పోస్టుల బూస్ట్ కోసం, అంటే డబ్బు కట్టి ఎక్కువమందికి చూపించడానికి, 6,000 రూపాయలు పెట్టాను. అయిదు గరిటెల సెట్టు 450, డెలివరీ ఉచితం. తయారీకి 230, అట్టపెట్టెకు 25, కొరియర్‌కు 110 పడుతోంది. ముగ్గురు "పప్పుగుత్తి ఒక్కటే పంపుతారా" అని అడిగారు, సెట్టే ఇస్తామన్నాను, మళ్లీ పలకలేదు. రెండు గరిటెలు పగిలిపోయాయని బెంగళూరు నుంచి ఫిర్యాదు వచ్చింది. ఇప్పుడొకరు 25,000 ఇస్తే వెబ్‌సైట్ చేసిస్తామంటున్నారు. చేయించమంటారా? అమెజాన్‌లో పెట్టమంటారా? ఇంకా ప్రకటనలు ఇవ్వమంటారా?

జవాబు: మూడింటికీ ప్రస్తుతానికి వద్దనే చెబుతాం. ఎందుకో మీ లెక్కలోనే ఉంది. 450లో 230, 25, 110 పోతే చేతిలో మిగిలేది 85. చుట్టాలను పక్కన పెడితే బయటివాళ్ల ఆర్డర్లు ఏడు. 6,000ను ఏడుతో భాగిస్తే ఒక్కో ఆర్డరుకు ప్రకటన ఖర్చే 857. అంటే ఒక్కో సెట్టుకు మీరు 772 రూపాయలు ఎదురిచ్చి పంపారు. ఇదే పద్ధతిలో ప్రకటనలు పెంచితే నష్టమే పెరుగుతుంది. ఆ 230లో మీ చేతిపని కూలి కూడా ఉన్నట్టు లేదు. అయిదు గరిటెలు రుద్ది నూనె పట్టించడానికి మీకు ముప్పావుగంట పడుతుందనుకుంటే, ఆ సమయానికీ ఒక రేటు కట్టాలి.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన వాక్యం మీరు దారిలో అనేసి వదిలేసిన పప్పుగుత్తి మాట. ముగ్గురు డబ్బు చేత్తో పట్టుకుని వచ్చి, తమకేం కావాలో పేరు పెట్టి అడిగారు. మీరు కాదన్నారు. మీ దుకాణానికి అవసరమైన సర్వే అంతా ఆ ముగ్గురే చేసిపెట్టారు. ఇవాళే వాళ్లకు మెసేజ్ పెట్టండి: "నమస్తే అండీ, మీరడిగిన పప్పుగుత్తి విడిగా ఇస్తున్నాం. 189 రూపాయలు, డెలివరీ 60. ఫొటో పంపుతున్నాను, చూడండి." ఇద్దరు తీసుకున్నా మీకు పైసా ప్రకటన ఖర్చు లేని అమ్మకం.

ఇప్పటిదాకా మీరు అమ్ముతున్నది 'కళ'. పోస్టుల కింద "అంతరించిపోతున్న మన హస్తకళను కాపాడుకుందాం" అని రాస్తున్నారు. చదివినవాళ్లకు మనసు కరుగుతుంది, ఒక లైకు కొట్టి ముందుకు పోతారు. కళను కాపాడటానికి లైకు చాలనుకుంటారు కాబట్టి పర్సు తియ్యరు. అదే నాన్‌స్టిక్ పెనం మీద స్టీలు అట్లకాడ గీతలు పెడుతోందని రోజూ తిట్టుకునే ఆవిడకు చెక్క అట్లకాడ చూపిస్తే, ఆవిడ కళ గురించి కాదు, ధర గురించి అడుగుతుంది. అందుకని ప్రతి వస్తువుకూ ఒక పని చెప్పండి. సెట్టు విడగొట్టి, పనినిబట్టి కట్టండి: నాన్‌స్టిక్ పెనానికి అట్లకాడ, కూర కలిపే గరిటె, పప్పుగుత్తి, ఈ మూడూ ఒక కట్ట. పచ్చళ్ల గరిటె విడిగా. పప్పుగుత్తి విడిగా కూడా. చపాతీ కర్ర, కవ్వం లాంటివి మొదటి రెండు నెలలు పేజీలో పెట్టనే వద్దు. ఇరవై రకాలు చూస్తే కొనేవాళ్లు తేల్చుకోలేక "తర్వాత చూద్దాం" అనుకుంటారు.

మీ పాత పోస్టు మాటలు ఇవి: "ఉదయగిరి చేతిపని చెక్క సెట్, ప్రకృతి సిద్ధమైనది, ధర కోసం మెసేజ్ చేయండి." దీన్ని ఇలా మార్చి చూడండి: "దోసె పెనానికి గీతలు పడవు. అంచు పల్చగా చెక్కిన అట్లకాడ, 11 అంగుళాలు, 70 గ్రాములు. 149 రూపాయలు. ఉదయగిరి నుంచి మూడు రోజుల్లో పార్సెల్ వేస్తాం." పొడవు, బరువు, ధర, ఎప్పుడు పంపుతారు, నాలుగూ ఉన్నాయి. అంకెలు మీ వస్తువును కొలిచి వేసుకోండి, మావి నమూనా మాత్రమే. "ధర కోసం మెసేజ్ చేయండి" అనే మాట ఇక ఎక్కడా కనిపించకూడదు. ధర దాచారంటే ఎక్కువై ఉంటుందనో, మనిషిని చూసి చెబుతారనో అనుకుంటారు.

వీడియోల్లో పని చూపించేటప్పుడు ఒక జాగ్రత్త. నెల్లూరు కదా అని చేపల పులుసులో గరిటె పెట్టి తిప్పుతూ వీడియో తీయకండి. పులుసులో గరిటె పెడితే ముక్క చెదురుతుందని, దాకనే రెండు చేతులా పట్టుకుని తిప్పుతారని ఇక్కడ పదేళ్ల పిల్లకు కూడా తెలుసు. కామెంట్లలో మీ గరిటె మాట పోయి పులుసు గొడవే మిగులుతుంది. ఉడికిన కందిపప్పులో పప్పుగుత్తి తిప్పడం, ఉప్మాలో అడుగు గోకడం, జాడీలోంచి ఆవకాయ తీయడం, ఇవి చాలు. వీడియో 15 నుంచి 25 సెకన్లు. మొదటి మూడు సెకన్లలోనే గరిటె గిన్నెలో ఉండాలి. పేరు, నమస్కారం, పరిచయం లాంటివి ముందు పెడితే అక్కడే వేలితో పైకి తోసేస్తారు. సినిమా పాట వద్దు. చిత్రిక పడుతున్న చప్పుడు, పప్పు మెదుగుతున్న చప్పుడు ఉంచి, మీ గొంతుతో, మీరు మాట్లాడే తెలుగులోనే రెండు వాక్యాలు చెప్పండి. ముఖం కనిపించడం ఇష్టం లేకపోతే చేతులు కనిపిస్తే చాలు.

ఫొటోలకు కొత్త ఫోను అక్కర్లేదు. మీరు పంపిన రెండు ఫొటోలూ రాత్రి ట్యూబులైటు కింద, పూల దుప్పటి మీద తీసినవి. చెక్క రంగు పచ్చగా తేలింది, చారలు దుప్పటి పువ్వుల్లో కలిసిపోయాయి. పైగా ఫిల్టర్ వేశారు. అలా చూసి కొన్నవాళ్లు వస్తువు అందాక "ఫొటోలో ఉన్నది కాదు" అంటే తప్పు వాళ్లది కాదు. ఉదయం ఎనిమిది, పది మధ్య, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, పదిరూపాయల తెల్ల చార్టు గోడకు ఆనించి కిందికి వంచి దాని మీద పెట్టండి. కిటికీకి ఎదురువైపు ఇంకో తెల్ల చార్టు నిలబెడితే నీడ తేలికవుతుంది. ఫ్లాష్ ఆపేయండి, జూమ్ చేయకుండా ఫోన్‌నే దగ్గరికి తీసుకెళ్లండి. ఒక్కో వస్తువుకు అయిదు ఫొటోలు: తెల్ల వెనకతెర మీద ఒకటి, చేతిలో పట్టుకున్నది ఒకటి, గిన్నెలో పని చేస్తున్నది ఒకటి, చెక్క చారలు కనిపించేంత దగ్గరగా ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి. స్కేలు ఫొటో అందంగా ఉండదు, కానీ "ఇంత చిన్నదనుకోలేదు" అనే ఫిర్యాదును ఆపేది అదే.

తర్వాత పేజీ. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా పేరు ఒకటి, దాని కింద లావుగా కనిపించే పేరు ఇంకొకటి ఉంటాయి. వెతుకులాటలో ఆ రెండో పేరులోని మాటలు కూడా పనికొస్తాయి. అక్కడ ఇంటిపేరుతో పాటు 'ఉదయగిరి చెక్క గరిటెలు' అని ఉంచండి. మనవాళ్లలో చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు కాబట్టి 'పప్పుగుత్తి', 'అట్లకాడ' అనే మాటలను పోస్టుల్లో తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకసారి రాయండి. హ్యాష్‌ట్యాగులు కుక్కనక్కర్లేదు, వస్తువుకు నేరుగా సంబంధించినవి మూడో నాలుగో చాలు. ఖాతాను వ్యాపార ఖాతాగా మార్చుకోండి, ఖర్చేమీ లేదు. అప్పుడు మీ ఫాలోవర్లు ఏ ఊళ్లవాళ్లో, ఏ పోస్టును ఎంతమంది దాచుకున్నారో, ఎంతమంది ఇంకొకరికి పంపారో కనిపిస్తుంది. లైకుల వైపు చూడటం మానేసి ఈ రెండు అంకెలే చూడండి. ఆడపడుచుకో పక్కింటావిడకో పంపిన పోస్టే అమ్మకం దాకా వస్తుంది.

అమ్మకం జరిగే చోటు మాత్రం వాట్సాప్. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. అందులో కేటలాగ్ పెట్టుకోవచ్చు, తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే రాసి దాచుకోవచ్చు, వచ్చినవాళ్లకు లేబుళ్లు తగిలించవచ్చు. సొంత నంబరు కలపకుండా ఇంకో సిమ్ తీసుకోండి. దాచిన జవాబులు నాలుగు ఉంటే చాలు: ధరలు, డెలివరీ ఎన్ని రోజులు, చెక్కను ఎలా వాడాలి, డబ్బు ఎలా కట్టాలి. లేబుళ్లు మూడు: 'అడిగారు', 'కట్టారు', 'పంపాను'. రాత్రి పడుకునే ముందు 'అడిగారు' జాబితా తీసి, రెండు రోజులైనా కదలని వాళ్లకు ఒక్కసారి మాత్రం పలకరింపు పెట్టండి. రెండోసారి వద్దు. నంబర్ల జాబితాలు అమ్ముతామని వచ్చేవాళ్లను దగ్గరకు రానివ్వకండి. తెలియనివాళ్లకు గుంపుగా మెసేజులు పెడితే వాళ్లు రిపోర్టు కొడతారు, మీ నంబరే నిలిచిపోతుంది. ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో పంపేవి మీ నంబరును ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరతాయి. అందుకే పార్సెల్‌లో పెట్టే చీటీ మీద "ఈ నంబరు సేవ్ చేసుకుంటే కొత్త వస్తువులు ముందుగా మీకే చూపిస్తాం" అని రాయండి.

ఇవన్నీ అమరాక బూస్ట్ విషయం. మీరు గురిగా 'ప్రొఫైల్ విజిట్స్' ఎంచుకుని, ఎవరికి చూపాలో యాప్‌కే వదిలేశారు. ఇన్‌స్టాగ్రామ్ మోసం చేయలేదు, మీరడిగిందే ఇచ్చింది. ప్రొఫైళ్లు చూసే అలవాటున్న జనాన్ని వెతికి తెచ్చింది. వాళ్లలో మీ భాష రానివాళ్లు, ఎన్నడూ ఆన్‌లైన్లో కొననివాళ్లు ఎందరో. ఈసారి చేసేటప్పుడు గురి 'మెసేజులు' అని పెట్టండి, అది వాట్సాప్‌కు వచ్చేలా కలపండి. ఊళ్లు మీరే ఎంచండి: నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, హైదరాబాద్. వయసు 28 నుంచి 55, మహిళలు. పప్పుగుత్తి వీడియో ఒకటి, అట్లకాడ వీడియో ఒకటి, రెంటికీ సమానంగా రోజుకు 75 చొప్పున ఆరు రోజులు. మొత్తం 900, దాని మీద 18 శాతం జీఎస్టీ 162, వెరసి 1,062. మధ్యలో రోజూ మారుస్తూ కూర్చోకండి.

ఎంత వస్తే లాభమో ముందే కట్టుకోవాలి. మూడు వస్తువుల కట్ట 349, డెలివరీ 60 విడిగా అనుకుందాం. వచ్చేది 409. మీ లెక్క ప్రకారం తయారీ ఒక్కోటి 46 చొప్పున 138, పెట్టె 20, చీటీ, కాగితం 5, పార్సెల్ ఖర్చు 90. మిగిలేది 156. పగుళ్లకు, తిరిగొచ్చేవాటికి 16 తీసిపెట్టండి, మీ చేతిపనికి 24 వేసుకోండి. మిగిలింది 116. మెసేజ్ చేసినవాళ్లలో అయిదుగురికి ఒకరు కొంటే, ఒక మెసేజ్‌కు 23 రూపాయల దాకా పెట్టినా చేతి డబ్బు పోదు. కాబట్టి గీత 20 దగ్గర గీయండి. మూడు రోజులకు 531 ఖర్చయి, మెసేజులు 26 కన్నా తక్కువ వచ్చి ఉంటే రెంటిలో బలహీనమైన వీడియోను ఆపేయండి. మెసేజులు బాగా వచ్చి ఎవరూ కొనకపోతే తప్పు ప్రకటనది కాదు, మీ జవాబుదో, ధరదో, నమ్మకానిదో. అప్పుడు వాళ్లతో జరిగిన సంభాషణలు మళ్లీ చదవండి, ఎక్కడ ఆగిపోయారో అక్కడే జవాబు ఉంటుంది.

ఇక పగుళ్లు. ఇది ప్రచారానికి సంబంధం లేని విషయంలా కనిపిస్తుంది గానీ, ఒక పగిలిన గరిటె ఫొటో వంద పోస్టులను తినేస్తుంది. చెక్కలో పచ్చి ఇంకా ఉండగానే చెక్కి పంపితే, గాలిలో తేమ తక్కువున్న ఊళ్లో అది ఆరిపోతూ ముడుచుకుని చీలుతుంది. మీ దగ్గర కనిపించని పగులు బెంగళూరులో పది రోజులకు కనిపించడానికి కారణం అదే. వంటింటి డిజిటల్ కాటా ఒకటి కొని, గరిటె ఆకారానికి కోసిన ముక్కల మీద నంబర్లు వేసి, మూడు రోజులకోసారి తూచి రాసుకోండి. వరసగా రెండుసార్లు బరువు మారకపోతే ఆరినట్టు. చీలిక కొసల్లోంచి మొదలవుతుంది, ఎందుకంటే నీరు అక్కడినుంచే త్వరగా పోతుంది. కోసిన ముక్కల రెండు కొసలకూ కరిగించిన మైనం పూసి నీడలో ఆరబెడితే ఈ బెడద చాలా తగ్గుతుంది. ఎండలో పెట్టి తొందరపెట్టకండి.

వేరుశనగ నూనె మానేయండి. కొన్నాళ్లకు ముక్కవాసన వస్తుంది, కొన్నవాళ్లు చెక్కే పాడైందనుకుంటారు. వాసన లేని ఫుడ్‌గ్రేడ్ మినరల్ ఆయిల్ నాలుగు వంతులు, తేనెమైనం ఒక వంతు, బరువులో తూచి, నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి, గోరువెచ్చగా ఉండగా గుడ్డతో పట్టించండి. రాత్రంతా ఉంచి పొద్దున పొడిగుడ్డతో తుడిచేస్తే చాలు. ఇదే మిశ్రమాన్ని చిన్న డబ్బాల్లో నింపి ఆరు నెలల తర్వాత పాత కొనుగోలుదారులకు అమ్మవచ్చు కూడా. నూనె పట్టించిన వెంటనే బబుల్ రేపర్‌లో బిగించి టేపు వేయవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో లోపల తేమ చిక్కుకుని బూజు పడుతుంది. ముందు ఖాకీ కాగితం చుట్టి, వానకు పైన మాత్రమే పాలిథిన్ కవరు వేయండి.

కొరియర్‌కు 110 ఎందుకు పడుతోందో మీ పెట్టె కొలతలు చూస్తే తెలిసిపోయింది. చెప్పుల పెట్టె వాడుతున్నారు, 33, 20, 12 సెంటీమీటర్లు. కొరియర్ వాళ్లు ఈ మూడూ గుణించి 5,000తో భాగిస్తారు. వచ్చిన 1.58 కిలోలను, కాటా మీది బరువును పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. మీ గరిటెలు తూగేది 400 గ్రాములే. మిగతాదంతా గాలికి కట్టిన డబ్బు. 34, 12, 5 సెంటీమీటర్ల పెట్టె చేయించుకుంటే అదే లెక్కలో 0.41 కిలోలు, అంటే అరకిలో లోపు. ఆ పెట్టె కట్టి తీసుకెళ్లి మీ ఊరి పోస్టాఫీసులో స్పీడ్‌పోస్టు ధర, కొరియర్ ధర రెండూ అడిగి, హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలకు విడివిడిగా రాసి గోడకు అంటించుకోండి. ఇక డెలివరీ ఉచితం అనకండి. 999 దాటితే ఉచితం అనండి, రెండు కట్టలు కొనేవాళ్లు మూడో కట్ట కూడా చూస్తారు.

క్యాష్ ఆన్ డెలివరీ అడిగితే 100 రూపాయలు ముందు తీసుకుని మిగతాది అక్కడ వసూలు చేయించండి. ఏమీ కట్టనివాళ్లు తలుపు దగ్గర వద్దంటే రానూపోనూ ఛార్జీ మీ నెత్తిన పడుతుంది. పగిలిందని ఫొటో పంపినవాళ్లను పాతది వెనక్కి పంపమని అడగకుండా కొత్తది పంపేయండి. 46 రూపాయల గరిటె కోసం తిరుగు పార్సెల్ ఖర్చు పెట్టించడంలో అర్థం లేదు.

డబ్బు విషయంలో ఇంకో మాట. చెల్లింపు జరిగిందని స్క్రీన్‌షాట్ పంపితే నమ్మవద్దు, మీ బ్యాంకు ఖాతాలో పడిందో లేదో మీరే చూసుకోండి. "మేం మిలిటరీ క్యాంటీన్ నుంచి, 200 గరిటెలు కావాలి, ఈ క్యూఆర్ స్కాన్ చేస్తే డబ్బు మీకొస్తుంది" అనే ఫోను ఎప్పటికైనా వస్తుంది. డబ్బు తీసుకోవడానికి స్కాన్ చేయనక్కర్లేదు, పిన్ కొట్టనక్కర్లేదు. కొట్టారంటే పోయేది మీ డబ్బే.

ఒక్కో గరిటె అమ్మడం కన్నా మీ ప్రాంతంలో సులువైన మార్కెట్ ఇంకోటుంది, దాన్ని మీరు ముట్టుకోలేదు. గృహప్రవేశం, సీమంతం, శ్రావణమాసం పేరంటాలకు ఇచ్చే రిటర్న్ గిఫ్టులు. స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాలు ఇచ్చి విసిగినవాళ్లు కావలి, నెల్లూరు, ఒంగోలు అంతటా ఉన్నారు. ఒక చిన్న పప్పుగుత్తి, పసుపు కుంకాల పొట్లాలు పెట్టుకునే చోటు వదిలిన కాగితపు సంచి, తాడుకు కట్టిన పేరు చీటీ. 50కి తక్కువైతే తీసుకోకండి, సగం ముందు, పంపేముందు మిగతా సగం. "ఎన్ని రోజుల ముందు చెప్పాలి" అన్న ప్రశ్నకు మీ ఇంట్లో రోజుకు ఎన్ని తయారవుతాయో లెక్కేసి, దానికి వారం కలిపి చెప్పండి. ముహూర్తం దాటాక చేరిన గిఫ్టుకు విలువ లేదు. నెల్లూరులో ఫంక్షన్ హాళ్ల అలంకరణ చేసేవాళ్లు, శుభలేఖలు వేసే ప్రెస్సుల వాళ్లు ఇలాంటి ఆర్డర్లు ముందుగా వినేవాళ్లు. ఒక్కొక్కరికి నమూనా సంచి ఒకటి, ధరల చీటీ ఒకటి ఇచ్చి రండి, ఆర్డరు తెస్తే వాళ్ల వాటా ఎంతో అప్పుడే తేల్చండి. ఇది ఇన్‌స్టాగ్రామ్ కన్నా మొరటు పని, కానీ డబ్బు ముందొస్తుంది. రొట్టెల పండుగప్పుడు నెల్లూరులోని బారా షహీద్ దర్గా దగ్గరికి ఇతర రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు, అక్కడ చోటు దొరికితే చిన్న వస్తువులు, క్యూఆర్ ఉన్న చీటీలు పెట్టుకోవచ్చు.

వంటల పేజీలు నడిపేవాళ్లకు ఉచితంగా వస్తువు పంపాలనుకుంటే ఫాలోవర్లను చూడకండి, కామెంట్లు చూడండి. "ఆ కడాయి ఎక్కడ కొన్నారక్కా" అని అడిగే జనం ఉన్న పదివేల పేజీ, "సూపర్" అని మాత్రమే రాసే లక్ష పేజీ కన్నా నయం. ఒక్కొక్కరికి వేరే కూపన్ మాట ఇవ్వండి, అప్పుడే ఎవరివల్ల ఎన్ని అమ్ముడయ్యాయో తెలుస్తుంది. అది ప్రచారమని వాళ్లు పోస్టులో చెప్పాలి, చెప్పమని మీరే అడగండి.

వెబ్‌సైట్ సంగతి. నెలకు మూడు ఆర్డర్లు కూడా లేని దుకాణానికి 25,000 పెట్టి సైటు కడితే దానికి జనాన్ని తేవడానికి మళ్లీ ప్రకటనే ఇవ్వాలి. వాట్సాప్ కేటలాగ్‌లో నెలకు 60, 70 ఆర్డర్లు వచ్చి, మెసేజులకు జవాబివ్వలేక మీ చేతులు నొప్పి పుట్టినప్పుడు ఆలోచించండి. దానికి బదులు గూగుల్‌లో వ్యాపార ప్రొఫైల్ పెట్టుకోండి, ఉచితం. ఆన్‌లైన్ మాత్రమే నడిపే దుకాణాలకు అది ఇవ్వరు. మీకు మాత్రం మనుషులు వచ్చి చూసి కొనే ఇల్లూ పనిచోటూ ఉన్నాయి, మీ ఊరి కోట చూడటానికి వచ్చేవాళ్లు 'ఉదయగిరి చెక్క గరిటెలు' అని వెతికితే మీరు కనిపించాలి. బోర్డు, పనిముట్లు, వీధి కనిపించేలా వీడియో తీసి చూపించమని అడుగుతారు, సిద్ధంగా ఉంచుకోండి.

అమెజాన్ లాంటి చోట పెట్టడానికి ముందు జీఎస్టీ తేల్చుకోవాలి. 2023 అక్టోబరు 1 నుంచి రిజిస్ట్రేషన్ లేనివాళ్లు కూడా జీఎస్టీ పోర్టల్లో తీసుకునే ఎన్‌రోల్‌మెంట్ నంబరుతో ఇలాంటి సైట్లలో అమ్మవచ్చు, కానీ సొంత రాష్ట్రం లోపలే. సొంతంగా పార్సెల్ వేసినా సరే, బెంగళూరుకు అమ్మడమంటే వేరే రాష్ట్రానికి సరఫరా. మామూలు సరుకుకైతే ఎంత చిన్న వ్యాపారమైనా రిజిస్ట్రేషన్ ఉండాలి. ప్రభుత్వం నోటిఫై చేసిన జాబితాలోని చేతివృత్తి వస్తువులకు మాత్రం ఏడాదికి 20 లక్షల లోపు మినహాయింపు ఉంది, పాన్ ఉండాలి, పార్సెల్ విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్లో తీసే పత్రం) తీయాలి. చెక్క వంటసామాను హెచ్ఎస్ఎన్ (జీఎస్టీలో సరుకును గుర్తించే అంకె) 4419 కింద వస్తుంది. ఆ అంకె రాసుకెళ్లి కావలిలోనో నెల్లూరులోనో ఆడిటరును "మా వస్తువులు ఆ జాబితాలో పడతాయా" అని సూటిగా అడగండి. ఆ జవాబు వచ్చేదాకా ప్రకటనల్లో ఆంధ్రప్రదేశ్ ఊళ్లే ఉంచి హైదరాబాద్ తీసేసినా నష్టం లేదు.

ఉదయగిరి చెక్క వంటసామానుకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. మీరు ఉదయగిరిలో చేస్తున్నంత మాత్రాన ఆ ముద్ర వేసుకోకూడదు. చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో 'అధీకృత వినియోగదారు'గా నమోదు కావాలి, దరఖాస్తు ఫారం జీఐ-3ఎ. మీ మామగారి పేరున పెట్టండి. హస్తకళల శాఖ ఇచ్చే పహచాన్ గుర్తింపు కార్డు లేకపోతే అది కూడా తీసుకోండి, ప్రభుత్వ మేళాల్లో స్టాల్ అడగడానికి పనికొస్తుంది. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బు అడిగే సైటు ఏదైనా అసలుది కాదు. పేజీలో "బ్యాక్టీరియాను చంపుతుంది", "ఆరోగ్యానికి మంచిదని రుజువైంది" లాంటి మాటలు రాయకండి. రుజువు చూపించలేని మాట రాస్తే అది తప్పుదారి పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. ఏ చెక్కో ఆ పేరే చెప్పండి, నర్దిని టేకు అనకండి. 'నర్ది' అనే పేరే బయటివాళ్లకు కొత్త, అదే వాళ్లను ఆపి అడిగిస్తుంది.

ముందు చేతికందే పని పచ్చళ్ల గరిటె. ఏప్రిల్, మే నెలల్లో ఇంటింటా ఆవకాయ పెడతారు, లోహపు గరిటె ఉప్పు, పులుపులో ఉండకూడదని పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. మీ ఇంట్లో, పక్కింట్లో ఉన్న జాడీల లోతు కొలిచి, అడుగు దాకా చేరి పైన నాలుగు వేళ్లు మిగిలేంత కాడతో రెండు కొలతలు చేయించండి. ఫిబ్రవరిలో చెక్క కోసి ఆరబెడితే మార్చి చివరికి చెక్కడానికి వస్తుంది. మొదటి వీడియో ఉగాది మరుసటి వారం పెట్టండి. మామిడికాయ ముక్కలు కొట్టే రోజున చూసినవాళ్లకు గరిటె చేరడానికి టైము చాలదు. కింద ఒక్క వాక్యం చాలు: "మీ జాడీ ఎన్ని కిలోలదో చెప్పండి, దానికి సరిపోయే గరిటె పంపుతాం."